తొమ్మిదో మలుపు దగ్గర మొద్దు

3,41,206 కి.మీ.

ఈ పుస్తకంలో తేదీలు ఉండవు. ఆకాశానికి కెంపు పట్టిన రోజుల్లో గడియారాలు ఎప్పుడు తప్పు చెబుతాయో తెలియదు. బండి తిరిగిన దూరం మాత్రం తప్పదు. అందుకని మీటరు అంకె చూసే రాస్తాను.

నిన్న సాయంత్రం ఉత్తరాన మొదలైన ఎరుపు ఈ ఉదయానికి నడినెత్తికి వచ్చింది. గంట కొట్టించాం. ఈ సూర్యుడి తుపానుకు చిప్పులు కాలిపోతాయి, కాబట్టి ఊళ్లో చిప్పు ఉన్న ప్రతి వస్తువునూ ఆపి రేకు పెట్టెల్లో మూసేశారు. తెలివి బండ్లు రెండూ టార్పాలిన్ల కింద పడుకున్నాయి. మందులు తెచ్చే ఎగిరే పెట్టె ఇక రాదు. కెంపు విడిచే దాకా మా ఊరు దుప్పిగుట్టకూ బయటి లోకానికీ మధ్య తిరిగేది మొద్దు ఒక్కటే.

మొద్దు అంటే మా జీపు. డీజిల్ ఇంజను, ముందు చక్రాలకు కూడా బలం అందించే ఫోర్‌వీల్ గేరు, ఎక్కడా ఒక్క చిప్పు లేని శరీరం. ఆలోచించడం రాదు కాబట్టి ఆకాశం ఏ రంగులో ఉన్నా దానికి ఒకటే. డీజిల్ దొరకడం మానేసి చాలా కాలమైంది. ఇంటింటా కానుగ గింజలు ఆడించి, తమ వంతు నూనెను డబ్బాల్లో తెచ్చి నా షెడ్డులో ఇస్తారు. కాచి, వడగట్టి, పీపాల్లో నిలవ చేయడం నా పని. కాలేజీలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఇప్పుడు నాకున్న విద్యార్థులు ఇద్దరే. ఒకటి మొద్దు, ఇంకొకతె నా మనవరాలు నీలవేణి. ఇద్దరిలో మొద్దే మాట వింటుంది.

ఉదయం తనిఖీ: ఇంజను ఆయిలు సరిగ్గా ఉంది. రేడియేటరు నిండుగా ఉంది. ఫ్యాను బెల్టు నొక్కితే బొటనవేలి మందం దిగింది, అంతే దిగాలి. వెనక ఎడమ చక్రం గాలి తగ్గింది, కొట్టాం. ముందు చక్రాల హబ్బులకు గ్రీజు పెట్టాం. నూనె ఇచ్చినవాళ్ల డబ్బాలను నీలవేణి తిరిగి పంపింది. మా షెడ్డు నుంచి ఏ డబ్బా ఖాళీగా పోదు. ఇంకొకరి గిన్నెను ఉత్తగా తిరిగి ఇవ్వడం మా ఇంటా వంటా లేదు.

3,41,238

మధ్యాహ్నం గుట్ట మీది నుంచి అద్దం మెరిసింది. రేడియో పనిచేయనప్పుడు పాలెంకోట వాళ్లు ఎండను అద్దంతో మా వైపు కొట్టి కబురు చెబుతారు. కబురు: ఇన్సులిన్ వచ్చింది, వచ్చి తీసుకుపోండి.

ఆ మందు ఊళ్లో ఒక్కరికే కావాలి. మా షెడ్డు పక్కన టీ కాచే దస్తగిరికి. ఊరందరికీ చిక్కటి, తియ్యటి టీ పోసి, తాను మాత్రం చక్కెర లేని డికాక్షన్ తాగే మనిషి. కుండలో తడి ఇసుక మధ్య దాచుకున్న సీసాల్లో అతనికి మిగిలింది ఒక్కటే. అది కూడా సగం.

నీలవేణి బండి తీసింది, నేను పక్కన కూర్చున్నాను. పాలెంకోట యాభై రెండు కిలోమీటర్లు. ముందు మా వైపు తొమ్మిది మలుపుల ఘాటు ఎక్కాలి, ఆ తర్వాత అంతా దిగుడే. ఎనిమిది మలుపులు ఎక్కాం. తొమ్మిదో మలుపు అన్నిటికన్నా నిటారు. అక్కడ మొద్దుకు ఊపిరి ఆడలేదు. యాక్సిలేటరు తొక్కినకొద్దీ నీరసపడింది, దగ్గింది, ఆగిపోయింది. చక్రాల కింద రాళ్లు పెట్టి కాసేపు ఆగితే మళ్లీ స్టార్టయింది. నిలబెట్టి ఉంచితే ఇంజను చక్కగా పాడుతోంది. బరువు పడగానే చచ్చిపోతోంది. మూడుసార్లు ప్రయత్నించి, వెనక్కి తిప్పి దిగాం.

ఇది కష్టమైన లెక్కేమీ కాదు. ఊరికే నిలబడ్డ ఇంజనుకు గుక్కెడు నూనె చాలు. ఎక్కేటప్పుడు చెంబెడు కావాలి. చెంబెడు రావడం లేదంటే దారిలో ఏదో అడ్డుపడుతోంది. ఫిల్టరు విప్పాను. కాగితం మడతలన్నిటికీ గోధుమరంగు జిగురు పట్టి ఉంది. కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్దాను. కానుగ జిడ్డు ఏదైనా కిరోసిన్‌లో కరగాలి. ఇది కరగలేదు. కారణం తెలియదు, రాసి పెట్టుకుంటున్నాను.

దస్తగిరి షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏమక్కా, మొద్దుకు కూడా నా జబ్బే వచ్చిందా? ఎక్కుడు చూస్తే కాళ్లు లాగేస్తా ఉండాయా?"

"నోరు మూసుకుని పోయి సూది వేసుకో."

"యేసుకున్నాలే. సగం."

"సగమా? ఎవరు చెప్పారు సగం వేసుకోమని?"

"సీసా చెప్పింది" అన్నాడు నవ్వుతూ.

3,41,238

బండి కదలలేదు, కాబట్టి అంకె కూడా కదలలేదు.

కొత్త ఫిల్టరు ఒక్కటే ఉంది, అది వేశాను. ట్యాంకు విప్పి, లోపలి జల్లెడ తీసి తుడిచాం. దానికీ అదే జిగురు. అంటే తప్పు ఇంజనులో లేదు, నూనెలో ఉంది. నూనె నా పీపాలోది. పీపాలోకి వచ్చింది ఇళ్ల నుంచి. కాబట్టి ఏదో ఒక ఇల్లు నూనెలో కల్తీ కలుపుతోంది. అంతవరకు నా తర్కంలో లోపం కనిపించలేదు.

ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి డబ్బా మూత తీయించాను. సుబ్బరత్న ఇంట్లో డబ్బా అడుగున నీటిబొట్లు కనిపించాయి. కడిగి సరిగా ఆరబెట్టలేదు. అందరి ముందూ అడిగాను.

"నూనె తక్కువైతే తక్కువ ఇవ్వొచ్చు. నీళ్లు పోసి కొలత నింపడం ఎందుకు?"

సుబ్బరత్న చేతిలోని చాట కింద పెట్టింది.

"పెద్దమ్మా, దస్తగిరి మామ మందుకు పోయే బండి అది. దాంట్లో నీళ్లు పోస్తానా నేను?"

"మరి ఈ బొట్లు ఎక్కడివి?"

"నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలియందా, నువ్వే చెప్పు."

ఆమె నూనె తీసుకోలేదు. మిగిలిన పీపా నూనెను ఒకసారికి బదులు రెండుసార్లు గుడ్డలో వడగట్టాం. గుడ్డ మీద ఏమీ నిలవలేదు. శుభ్రమైన నూనె అనుకున్నాను.

గుడ్డ పిండుతూ నీలవేణి అంది: "అవ్వా, నువ్వు ప్రశ్న అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది. ఎవురైనా నోరు తెరుస్తారా?"

"సరైన జవాబు ఉన్నవాళ్లు తెరుస్తారు" అన్నాను.

3,41,272

కొత్త ఫిల్టరుతో ఈసారి ఆరో మలుపు కూడా దాటలేదు. మొన్నటికన్నా అధ్వాన్నం.

కోపం వచ్చినప్పుడు పద్ధతి మరవకూడదు. ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలి. దీపాల కోసం దాచుకున్న పాత డీజిల్ రెండు లీటర్లు వెంట తెచ్చాను. ఆ డబ్బాను బానెట్టు మీద తాడుతో కట్టాం. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని విప్పి, ఫిల్టరును కూడా తప్పించి, డబ్బా నుంచి సన్న గొట్టం నేరుగా పంపుకు కలిపాం. గాలి బుడగలు పోయేదాకా నీలవేణి చేతి పంపు కొట్టింది. నేను మరను వదులు చేసి, నూనె ఒకే ధారగా వచ్చాక బిగించాను.

మొద్దు ఆరో మలుపు ఎక్కింది. ఏడు. ఎనిమిది. తొమ్మిదో మలుపులో గేరు తగ్గించి, ఫోర్‌వీల్ వేసి నీలవేణి వదిలితే, రోగం ఎప్పుడూ ఎరగనట్టు గుట్ట నెత్తికి చేరింది. పైనుంచి పాలెంకోట చెరువు ఎర్రటి ఆకాశం కింద రాగి పళ్లెంలా కనిపించింది.

"పోదామవ్వా, ఇట్లే పోదాం" అంది నీలవేణి.

"డబ్బాలో ఉన్నది ఇంక లీటరు. దిగడానికి చాలుతుంది. మందు తీసుకుని అటువైపు నుంచి ఎక్కడానికి చాలదు. మందు దారి మధ్య ఎండలో చిక్కుకునే దానికన్నా, అక్కడ చల్లగా ఉండడమే నయం. బండి తిప్పు."

తిప్పింది. స్టీరింగు మీద ఒక్క దెబ్బ కొట్టింది కానీ తిప్పింది.

తేలినవి: ఇంజను బాగుంది. పంపు బాగుంది. ఇంజెక్టర్లు బాగున్నాయి. నేరస్తుడు నూనే, సందేహం లేదు.

ఇంటికి వచ్చేసరికి దస్తగిరి బెంచీ మీద పడుకుని ఉన్నాడు. పక్కన బిందె. పొద్దుటి నుంచి అది రెండోసారి నింపుకోవడమట. ఎంత తాగినా దాహం తీరడం లేదు. పాదాలు బరువెక్కాయన్నాడు. పొయ్యి వెలిగించలేదు. ఆ టీ కొట్టు పొయ్యి వెలగని రోజును నేను ఇంతవరకు చూడలేదు.

"రేపు పొద్దున్నే నేను నడిచిపోతా" అంది నీలవేణి. మూడు రోజులు పోవాలి, మూడు రోజులు రావాలి. బండిలో అయితే ఎండ ముదిరేలోపు ఇల్లు చేరతాం. నడకలో ఈ ఎండకు తడి కుండ ఆరిపోతుంది, మందు చెడుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా చెప్పుల వార్లు కుట్టుకుంటోంది.

"ఒక్క రోజు నాకు ఇవ్వు" అన్నాను. నా మనవరాలిని నేను అడగడం అదే మొదటిసారి. ఇంతవరకు చెప్పడమే.

3,41,272

ఉదయం ఫిల్టరు కింది గాజు గిన్నెను విప్పి దస్తగిరి బెంచీ మీద పెట్టాను. అతని కొట్టు ముందు వెలుతురు బాగుంటుంది. అతని మీద ఒక కన్ను వేసి ఉంచడానికి కూడా అక్కడ కూర్చున్నాను. గిన్నె అడుగున వేలి మందం గోధుమరంగు పాకం. పుల్లతో లేపితే తీగ సాగింది.

నేను కళ్లద్దాలు తుడుచుకునేలోగా దస్తగిరి దానిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"కానుగరా అది! విషం! ఉమ్మెయ్!"

ఉమ్మాడు. మొహం వికారంగా పెట్టి మళ్లీ ఉమ్మాడు. తర్వాత నాలుక చప్పరించాడు.

"అక్కా, పైన చేదు. చేదు పోయినాక అడుగున తీపి ఉండాది."

"నీకు ఒంట్లో చక్కెర పెరిగి నాలుక పనిచేయడం లేదు."

"నాలుకా? పద్దెనిమిదేండ్లుగా దాన్ని ఎండగట్టినా గదక్కా, అది మరిచిపోతుందా? ఇది బెల్లం. చక్కెర గాదు. చెరుకు బెల్లమే, ముదురు పాకం. బంగారుపాళెం సంత బెల్లం మాదిరి."

అని మళ్లీ వేలు ముంచాడు. ఈసారి చేతి మీద కొట్టాను. ఆలస్యమైంది.

కానుగ నూనెలో బెల్లం ఎలా వస్తుంది? అడగడానికి ముందు పరీక్ష చేయాలి. అతని పొయ్యి వెలిగించి, గ్లాసు నీళ్లు కాచి, జిగురు పట్టిన ఫిల్టరు కాగితాన్ని ముంచాను. కిరోసిన్‌కు లొంగని జిగురు వేడినీళ్లలో కళ్ల ముందే కరిగింది. నీళ్లు బెల్లం పానకం రంగుకు తిరిగాయి. జిగురు నూనె జాతిది కాదు, నీటి జాతిది. అందుకే కిరోసిన్‌లో కరగలేదు. మొదటి రోజే రాసి పెట్టుకుని, దాని వంక మళ్లీ చూడనేలేదు.

నీలవేణిని పిలిచాను. "డబ్బాలు తిరిగి పంపేటప్పుడు లోపల ఏం వేస్తున్నావు?"

"నువ్వు చెప్పిందే. ఖాళీగా పంపగూడదు అన్నావు గదా. నిమ్మకాయ ఏస్తా ఉంటిని."

"ఇప్పుడు?"

ఆమె మొహం మారింది. "నిమ్మచెట్టు ఎండిపోయింది గదవ్వా ఈ ఏడు. అందుకని బెల్లం ముక్క."

నిమ్మకాయను ఎవరైనా తీసి పక్కన పెడతారు. బెల్లం ముక్క ఇరుకు మూతి డబ్బాలో పడి, కడిగిన తడికి కరిగి అడుగున అంటుకుంటుంది. దాని మీదే కొత్త నూనె పోస్తారు. పాకం సన్న బొట్లుగా విడిపోయి నూనెతో పాటు నా గుడ్డలోంచి జారిపోతుంది. ఎన్నిసార్లు వడగట్టినా జారిపోతుంది. చివరికి ఫిల్టరు కాగితం మీద పడి గట్టిపడుతుంది. నూనె ఇచ్చిన ఏ ఇంటికీ తప్పు లేదు. కల్తీ నా షెడ్డు నుంచి, నా ఆజ్ఞ మీద, నా మర్యాద పేరుతో ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది.

సుబ్బరత్న ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే అడిగాను.

"డబ్బాలో బెల్లం చూశావా?"

"చూసినా."

"తీయలేదేం?"

"చేయి పట్టలేదు పెద్దమ్మా. వేడినీళ్లు పోసి ఊపితే సగం వచ్చింది, సగం రాలా. నువ్వు పంపినావు గదా, బండికి అది కావాలేమో అనుకున్నా."

"అడగొచ్చు కదా."

"నిన్నా?" అంది సుబ్బరత్న. ఆ ఒక్క మాటే అంది.

డబ్బాలో నేను చూసిన నీటిబొట్లు, నేను పంపిన బెల్లాన్ని ఆమె కడగబోతే మిగిలినవి.

"నీ నూనె డబ్బా ఎత్తుకుని రా" అన్నాను. "పెద్ద బాన కూడా. పని ఉంది. నువ్వు లేకుండా అయ్యేది కాదు."

ఆమె బాన భుజాన వేసుకుని నాకన్నా ముందు నడిచింది.

3,41,272

ఈ పని రాసి పెట్టడం అవసరం. రేపు నేను లేకపోయినా ఎవరైనా చేయగలగాలి.

పీపా నూనెను, సుబ్బరత్న నూనెను వేరువేరు బానల్లోకి వంచాం. వేడినీళ్లు పోసి తెడ్డుతో నెమ్మదిగా తిప్పాం. గట్టిగా చిలికితే మజ్జిగలా కలిసిపోయి విడవదు, కాబట్టి చిలకకూడదు. ఎండలో కదపకుండా ఉంచితే నూనె పైకి తేలింది, తీపి నీళ్లు అడుక్కి దిగాయి. అడుగు నీటిని గొట్టంతో లాగేశాం. రెండోసారి కడిగితే నీళ్ల రంగు తగ్గింది. మూడోసారికి తేటగా వచ్చాయి.

ఇక నూనెలో మిగిలిన తడి పోవాలి. అది కూడా పంపుకు శత్రువే. ఎంతసేపు కాచాలో చెప్పే పరికరం రేకు పెట్టెలో ఉంది, తీయడానికి లేదు. సుబ్బరత్న నవ్వింది.

"వెన్న కాచేటప్పుడు ఏ పరికరం చూస్తావు పెద్దమ్మా? చిటపట నిలిచిపోతే నెయ్యి అయినట్టే గదా."

నిజమే. తడి ఉన్నంతసేపే చిటపట. సన్న మంట మీద పెట్టి ముగ్గురం చెవులు పెట్టి కూర్చున్నాం. ముందు పెద్దగా, తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి, చివరికి నిశ్శబ్దం. ఆ క్షణానే దించాం. చల్లారాక గాజు సీసాలో పట్టి చూస్తే అవతలి అక్షరాలు చదవగలిగాను.

ట్యాంకును, గొట్టాలను, గాజు గిన్నెను వేడినీళ్లతో కడిగి, గాలి ఊది, ఎండలో ఆరబెట్టాం. రెండు ఫిల్టర్లూ నీళ్లలో నాని పాడయ్యాయి, కాగితం ఉబ్బింది. పాత రగ్గు ఉన్నిని మడతలు పెట్టి కుట్టి నీలవేణి కొత్త ఫిల్టరు చేసింది. కుట్టు తిన్నగా ఉంది. ఆ మాట ఆమెతోనూ అన్నాను.

ట్యాంకులో మొదటి డబ్బా సుబ్బరత్నది పోయించాను, ఆమె చేత్తోనే. ఊళ్లో చాలామంది చూస్తూ ఉన్నారు. మొన్న నేను అరిచినప్పుడు ఉన్నవాళ్లే. చూడాలనే పిలిపించాను.

"బెల్లం నేను పంపిందే. నీళ్లు ఎవరూ పోయలేదు" అని వాళ్లకు వినబడేలా చెప్పాను. ఒక ముసలాయన "మా డబ్బాలో గూడా ఉండెనమ్మా, పెద్ద ముక్క" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఇల్లూ తన డబ్బా సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అంతసేపు వినవలసి వచ్చింది. విన్నాను.

3,41,376

తెల్లవారగానే బయలుదేరాం. దస్తగిరిని వెనక సీటులో పరుపు వేసి పడుకోబెట్టాం. మందు వచ్చేదాకా అతన్ని ఇంట్లో ఉంచడం కన్నా, అతన్నే మందు దగ్గరికి తీసుకుపోతే సగం దారి కలిసొస్తుంది. ఇది నీలవేణి లెక్క. నాకు తట్టలేదు.

ఎనిమిది మలుపులు దాటాం. తొమ్మిదో మలుపు మొదట్లో నీలవేణి ఆపి, గేరు తగ్గించింది.

వెనక నుంచి దస్తగిరి గొంతు సన్నగా వచ్చింది. "నేను దిగి తొయ్యాల్నా?"

"నువ్వు తోస్తే బండి కిందికి పోతుంది. పడుకో."

మొద్దు మూలిగింది. ముందు చక్రాలు రాళ్లను పట్టుకున్నాయి. నేను ఇంజను శబ్దమే వింటున్నాను. ఒక్క దగ్గు వస్తే చాలు, అక్కడితో అయిపోయినట్టే. ఒక్క దగ్గు రాలేదు. చిటపట నిలిచిపోయిన నూనెలా, ఒకే స్వరంలో గుట్ట నెత్తి దాకా ఎక్కింది. నీలవేణి నా వైపు చూడకుండా "ఫిల్టరు కుట్టు తిన్నగా ఉందంటివి గదా" అంది.

పాలెంకోట మందుల గదిలో నర్సు దస్తగిరి రక్తం చూసి మమ్మల్ని తిట్టింది. న్యాయమైన తిట్లే. సూది వేసి, సెలైను ఎక్కించి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది. కెంపు ఎంతకాలం ఉన్నా చాలేటన్ని సీసాలు ఇచ్చింది. మొద్దు వాసన చూసి, "ఈ బండి ఏం తాగుతుందమ్మా?" అని అడిగింది.

"బెల్లం తప్ప ఏదైనా" అని దస్తగిరి జవాబు చెప్పాడు. అతని గొంతు తిరిగి వచ్చిందని అప్పుడు నమ్మాను.

తిరుగు ప్రయాణంలో గాజు గిన్నె చూశాను. అడుగున ఏమీ లేదు.

3,41,376

కెంపు ఇంకా ఉంది. ఉండనీ.

డబ్బాలు తిరిగి పంపే రోజు. ఖాళీగా పంపమని నీలవేణితో అనబోయాను, నోరు రాలేదు. సుబ్బరత్న దారి చెప్పింది: ఇచ్చేది లోపల ఎందుకు, పిడికి కడితే పోదా? డబ్బాలు కడిగి, బోర్లించి ఆరబెట్టి, ఒక్కొక్క పిడికి ఆకులో చుట్టిన బెల్లం కట్టాం. దస్తగిరి డబ్బాకు మాత్రం కాకరకాయ కట్టించాను.

పొయ్యి వెలిగించిన దస్తగిరి అది విప్పి పైకెత్తి, దారిన పోయేవాళ్లందరికీ చూపించాడు.

"చూడండయ్యా! తీపి కనిపెట్టినోడికి అవ్వగారి బహుమానం!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఫ్యాను బెల్టు చూస్తున్నాను.

ఒక్క విషయం రాయకపోతే ఈ లెక్క పూర్తి కాదు. ఆ రోజు గాజు గిన్నెలో దస్తగిరి రెండుసార్లు వేలు ముంచాడు. మొదటిది పరీక్ష. రెండోదాని అవసరం పరీక్షకు లేదు. నేను చేతి మీద కొట్టింది ఆలస్యంగా, కావాలనే.

తనిఖీ: ఆయిలు సరి. నీళ్లు సరి. బెల్టు సరి. బండి సిద్ధం.